మా ఇంటికొచ్చిన జోంగా

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా వేములవాడలో జరిగిన సభలో ఒక విశ్రాంత మెకానిక్ ఫోర్‌మన్ చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చే భిక్ష కాదని, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని ఆ రోజు తేలింది. అందుకే ఏటా ఈ తేదీన మనం కలుసుకుంటున్నాం. ఇటువంటి సభల్లో డి.ఏ. గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి తెలిసినవారు మాట్లాడటం ఆనవాయితీ. నాకు ఆ లెక్కలు రావు. ముప్పై ఏడేళ్ళు ప్రభుత్వ శాఖ వర్క్‌షాపులో జీపుల కింద పడుకుని నట్లు బిగించినవాణ్ణి. "మీ మనవడు ఏదో మిలిటరీ బండి తెచ్చాడట కదా, దాని గురించే చెప్పండి" అని కార్యదర్శి గారు అడిగారు. బండి గురించి అయితే నాలుగు మాటలు చెప్పగలనని ఒప్పుకున్నాను. కానీ అది చెప్పాలంటే నలభై ఏళ్ళుగా నేను ఎక్కడా చెప్పని మాట ఒకటి చెప్పవలసి వస్తుంది. దానికి కూడా సిద్ధపడే వచ్చాను.

నేను 1971లో హెల్పర్‌గా చేరి, 2008లో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. చేరిన నాటికి ఈ చుట్టుపక్కల తారు రోడ్డు అంటే పండుగే. చందుర్తి, రుద్రంగి, కోనరావుపేట వైపు ఊళ్ళకు వానాకాలం వెళ్ళాలంటే ఎడ్లబండి, లేకుంటే సర్కారు జీపు. మూలవాగుకు నీళ్ళొస్తే అవతలి ఒడ్డున జీపు, ఇవతలి ఒడ్డున ఆఫీసరు. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన తర్వాత రాత్రిపూట జీపు చప్పుడు వినిపిస్తే ఊళ్ళో దీపాలు ఆర్పేసేవారు. అనుపురం మీదుగా నేను ఎన్నిసార్లు జీపు తోలుకుపోయానో లెక్కలేదు. ఆ పాత దారులు ఇప్పుడు మిడ్ మానేరు నీళ్ళ కింద ఉన్నాయి.

జీపు కథ పెద్దలకు తెలిసిందే అయినా పిల్లల కోసం రెండు ముక్కలు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 నుంచి, అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు వీటిని లక్షల్లో తయారు చేశాయి. నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందడం దీని ప్రత్యేకత. మన దేశంలో 1940ల చివర్లో మహీంద్రా వారు విల్లీస్ జీపులను బిగించి అమ్మడం మొదలుపెట్టారు. తర్వాత పూర్తిగా ఇక్కడే తయారు చేశారు. 1985 చివర్లో మారుతి జిప్సీ వచ్చింది. ఇవి రెండూ మనం రోడ్డు మీద చూసినవే.

జోంగా మాత్రం అందరూ చూసిన బండి కాదు. అది సైన్యం కోసం జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో తయారైంది. జపాన్ వారి నిస్సాన్ పెట్రోల్ అనే బండి దీనికి మూలం. ఇక్కడ "పెట్రోల్" అంటే ఇంధనం కాదు, గస్తీ అని అర్థం. జబల్‌పూర్ ఆర్డినెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ అనే ఇంగ్లీషు పేరులోని అక్షరాలు కలిపి జోంగా అన్నారు. 1969 నుంచి 1999 వరకు తయారైంది. ఆరు సిలిండర్ల ఇంజిన్, ఇంచుమించు నాలుగు లీటర్ల సామర్థ్యం. మన జీపు పక్కన నిలబెడితే ఎద్దు పక్కన దున్నపోతు నిలబడినట్టు ఉంటుంది. సైన్యం వాడి వదిలేసిన బండ్లను వేలంలో అమ్మగా కొందరు కొనుక్కున్నారు. క్రికెటర్ ధోనీ 2019లో రాంచీ వీధుల్లో ఆకుపచ్చ జోంగా నడిపిన ఫోటోలు పేపర్లలో వచ్చాక కుర్రాళ్ళకు దీని మీద మోజు పెరిగింది. మా మనవడికి పట్టిన పిచ్చి కూడా అదే.

మనవడు అంటే మా పెద్దమ్మాయి కొడుకు. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం. ఒక రోజు ఫోన్ చేసి, "తాతా, జోంగా ఒకటి అమ్మకానికి ఉన్నది. నువ్వొచ్చి చూస్తెనే తీసుకుంట" అన్నాడు. వెళ్ళి చూశాను. రంగు మెరిసిపోతున్నది. బానెట్ ఎత్తి చూస్తే లోపల ఉన్నది డీజిల్ ఇంజిన్. ఆర్.సి. పుస్తకంలో మాత్రం పెట్రోల్ అని ఉన్నది. ఇంజిన్ నంబరు కలవలేదు. "ఇది మనకు వద్దు బిడ్డా" అన్నాను. పాత జోంగాలకు డీజిల్ ఇంజిన్లు వేయడం మామూలే. ఎందుకంటే అసలు ఇంజిన్ లీటరుకు నాలుగైదు కిలోమీటర్లకు మించి ఇవ్వదు. కానీ ఇంజిన్ మార్చితే రవాణా శాఖ అనుమతి తీసుకుని పుస్తకంలో రాయించాలి. రాయించని బండి ఎంత బాగున్నా చట్టం దృష్టిలో అది వేరే బండి. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట చూసేది ఇదే.

మూడు నెలల తర్వాత ఇంకొకటి దొరికింది. రంగు వెలిసిపోయింది, సీట్లు చినిగిపోయాయి, కానీ అసలు ఇంజిన్, ఛాసిస్ నంబరు సరిగ్గా ఉన్నాయి. రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయి ఉన్నది. ఛాసిస్ కింద సుత్తితో కొట్టి చూశాను. తుప్పు పైపైనే ఉన్నది, ఎక్కడా బోలు శబ్దం రాలేదు. "ఇది తీసుకో" అన్నాను. బండి వేములవాడ వచ్చిన రోజు మా వీధి పిల్లలంతా చుట్టూ మూగారు. మా ఇంటావిడ గడప మీద నిలబడి, "రిటైరైతె జీపుల కిందికెల్లి లేస్తవనుకున్న. మళ్ళ అదే కత" అన్నది.

ఆ సాయంత్రం మనవడు ఒక కాగితం చేతికిచ్చాడు. బండికి చేయించవలసిన మార్పులు, మొత్తం తొమ్మిది. ఆరు అంగుళాల ఎత్తు పెంచడం. ట్రాక్టరు టైర్లలా ఉండే పెద్ద టైర్లు. ముందు ఇనుప బంపర్. దానికి విద్యుత్తుతో లాగే విించి. పైన లైట్ల బారు. కప్పు మీద ఇనుప క్యారియర్. నీళ్ళలో దిగడానికి స్నార్కెల్ అనే పొడుగు గొట్టం. డిఫరెన్షియల్ లాక్. తొమ్మిదోది, డీజిల్ ఇంజిన్. మొదటి వరుస చదవగానే నా చేతులు వణికాయి. వాడు గమనించి, "ఏమైంది తాతా?" అన్నాడు. అప్పుడు వాడికి చెప్పిన మాటే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

1984లో నేను వేలంలో ఒక కండెమ్డ్ జీపు కొన్నాను. చేతిలో పని ఉన్నది, వయసు ముప్పై నాలుగు. వాగులు దాటాలంటే బండి ఎత్తుగా ఉండాలని నా అభిప్రాయం. కమాన్ కట్టలకు అదనంగా పట్టీలు వేశాను, షాకిల్స్ పొడుగు చేయించాను, బండి పెద్దదాని టైర్లు తెచ్చి ఎక్కించాను. అంతా కలిపి ఆరు అంగుళాలపైనే లేచింది. చూసినవాళ్ళంతా "మేస్త్రీ అంటె నువ్వే" అన్నారు. నాకు గర్వం ఎక్కింది.

మా బావమరిదిది కోరుట్ల. అప్పటికి ఇరవై ఆరేళ్ళు. దుబాయి వీసా వచ్చింది, పది రోజుల్లో ప్రయాణం. వీసా కోసం చేసిన అప్పు ఇంకా అట్లాగే ఉన్నది. చుట్టాలకు చెప్పి రావడానికి ఇద్దరం ఆ జీపులో బయలుదేరాం. కాకతీయ కాలువ కట్ట మీద పోతుంటే ఒక దూడ అడ్డం వచ్చింది. వేగం నలభై కూడా లేదు. స్టీరింగు ఒక్కసారి పక్కకు తిప్పి, వెంటనే మళ్ళీ ఇటు తిప్పాను. అంతే. బండి జారలేదు, లేచి బోర్లపడింది. కాలువలో కాక పొలం వైపు పడటం దేవుడి దయ. నాకు భుజం గీసుకుపోయింది. అతని ఎడమ కాలు బండి కింద నలిగిపోయింది. మోకాలి కింద తీసేశారు.

దుబాయి పోయింది. అప్పు మిగిలింది. నేను ఆరేళ్ళు నా జీతంలోంచి ఆ అప్పు కట్టాను, అది గొప్ప కాదు. అతను కోరుట్లలో చిన్న కిరాణా దుకాణం పెట్టుకుని పిల్లల్ని చదివించుకున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా "బావా, నీ వల్ల" అనలేదు. అందరం దూడ అడ్డం రావడం వల్లనే అని చెప్పుకున్నాం. నిజం అది కాదు. కంపెనీ ఇచ్చిన ఎత్తులో ఉన్న జీపు అయితే ఆ కుదుపుకు ఒక అడుగు పక్కకు జారి నిలబడేది. తప్పు దూడది కాదు, నాది. ఈ మాట బయటికి అనడం నాకు ఇదే మొదటిసారి.

అలా ఎందుకు జరిగిందో ఈ సభలోని ఇంజనీర్లకు తెలుసు. మిగిలినవారికి నా భాషలో చెబుతాను. ఆడవాళ్ళు నీళ్ళ బిందె చంకన పెట్టుకుని నడిచినప్పుడు ఒడ్డు మీద కాలు జారినా నిలదొక్కుకుంటారు. అదే బిందె నెత్తి మీద ఉంటే తూలిపోతారు. బరువు అదే, ఎత్తు మారింది. బండికి కూడా అంతే. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 140 సెంటీమీటర్లు, బండి బరువంతా కేంద్రీకరించే చోటు నేల నుంచి 70 సెంటీమీటర్లు అనుకోండి. కాగితం మీది లెక్క ప్రకారం అది 45 డిగ్రీల పక్కవాలు వరకు నిలబడుతుంది. ఆ ఎత్తు 85 సెంటీమీటర్లు అయితే 40 డిగ్రీలకు ముందే బోర్లపడుతుంది. నిజమైన దారిలో కమాన్లు ఒక పక్కకు ఒంగుతాయి, గుంత ఒకటి తగులుతుంది, కప్పు మీద సామాను ఉంటుంది. కాబట్టి కాగితం లెక్క కంటే చాలా ముందే పడుతుంది. మలుపులో అయితే ఇంకా ప్రమాదం. ఎత్తు తక్కువ బండికి ముందు టైరు జారుతుంది, ఎత్తు ఎక్కువ బండి జారడానికి ముందే తిరగబడుతుంది. జారిన బండిని సర్దుకోవచ్చు, తిరగబడిన బండిని ఏం సర్దుకుంటాం?

ఎత్తు పెంచితే చెడేది అదొక్కటే కాదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ వాలు మారి క్రాస్‌లు త్వరగా అరిగిపోతాయి. బ్రేక్ హోస్ పొడవు చాలక, చక్రం కిందికి వేలాడినప్పుడు గుంజుకుపోతుంది. స్టీరింగు రాడ్డు కోణం మారి, గుంత తగిలినప్పుడల్లా బండి తనంతట తాను పక్కకు లాగుతుంది. టైరు చుట్టుకొలత పది శాతం పెరిగితే మీటరు అరవై చూపించినప్పుడు బండి అరవై ఆరులో పోతుంటుంది. పెద్ద చక్రాన్ని పాత బ్రేకులు ఆపలేవు. ఒక్క మార్పు చేస్తే దాని వెనుక పది మార్పులు చేయాలి. ఆ పదీ చేసేంత ఓపిక, డబ్బు, తెలివి నాకు 1984లో లేవు.

మనవడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితె అమ్మేద్దామా తాతా?" అన్నాడు. "ఎందుకమ్మాలె? చెయ్యాల్సినవి చేద్దాం, చెయ్యకూడనివి కొట్టేద్దాం" అన్నాను. కాగితం మీద ఇద్దరం కూర్చున్నాం.

ముందుగా చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉన్నది. తయారీదారు ఇచ్చిన, రిజిస్ట్రేషన్ పుస్తకంలో రాసిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని దాని సారాంశం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో, అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని పెట్టారు. ముందు కట్టే ఇనుప గార్డుల విషయంలో కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. అవి తగిలితే పాదచారి బతకడు, బండిలో ఉన్నవారికీ దెబ్బ ఎక్కువే. కనుక ఎత్తు పెంచడం, పెద్ద టైర్లు, ఇనుప బంపర్, దాని మీద విించి, ఎదుటివాడి కళ్ళు పోగొట్టే లైట్ల బారు, ఇంజిన్ మార్పు కొట్టేశాం. కప్పు మీద క్యారియర్ బరువు నెత్తికెక్కించే పనే కనుక అదీ కొట్టేశాం. డిఫరెన్షియల్ లాక్ తర్వాత చూద్దామన్నాం. స్నార్కెల్ మాట చివర్లో చెబుతాను.

మరి చేసింది ఏమిటి? వినడానికి చిన్న పనులే. జగిత్యాలలో నా శిష్యుడొకడికి షెడ్డు ఉన్నది. బండి అక్కడ నాలుగు నెలలు ఉన్నది.

మొదట బ్రేకులు. నాలుగు వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్, పైపులు, హోస్‌లు అన్నీ కొత్తవి. కొన్ని భాగాలు బజారులో దొరకక, పాతవి చూపించి లేత్ మీద చేయించాం. ఆ తర్వాత స్టీరింగు. బాక్సులో ఆట తీసేశాం, రాడ్డు చివర్లు మార్చాం. కమాన్ కట్టలు విప్పి చూస్తే నలభై ఏళ్ళ పట్టీలు సాగిపోయి బండి రెండు అంగుళాలు కుంగి ఉన్నది. అసలు కొలత ప్రకారం కొత్త పట్టీలు, కొత్త యు-బోల్టులు, సెంటర్ బోల్టులు వేయించాం. బండి తన అసలు ఎత్తుకు తాను వచ్చింది. మనవడు నవ్వి, "రెండు ఇంచులు లేచింది కద తాతా" అన్నాడు. "లేవలేదు బిడ్డా, నిటారుగ నిలబడ్డది" అన్నాను.

టైర్లు అసలు కొలతవే తీసుకున్నాం, కానీ మట్టిలో పట్టు ఉండేలా పూత లోతుగా ఉన్న రకం. బురదకు మాత్రమే పనికొచ్చే గట్టి గుబ్బల టైర్లు తారు రోడ్డు మీద, అందులోనూ వానలో జారుతాయి. మన వాడకంలో నూటికి తొంభై పాళ్ళు తారు రోడ్డే. ఇంజిన్ ఆయిల్ చాంబరు కింద రాళ్ళు తగలకుండా ఒక ప్లేటు బిగించాం. లాగడానికి ముందు రెండు, వెనుక రెండు కొక్కేలు, బంపరుకు కాకుండా నేరుగా ఛాసిస్‌కు. బంపరుకు తాడు కట్టి లాగితే బంపరు ఊడి తుపాకి గుండులా వస్తుంది. ఆ తాడు మీద తడి గోనె సంచి ఒకటి వేయడం కూడా నేర్పాను, తాడు తెగినా ఎగిరి మనిషి మీదికి రాకుండా. పాత బండికి సీటు బెల్టులు లేవు, పెట్టించాం. అన్నిటికంటే ముఖ్యం నా లెక్కలో అదే. 1984లో అవి ఉంటే కథ వేరే.

ఆ తర్వాత నడపడం నేర్పాను. మోజు పడేవాళ్ళు సామాను మీద లక్షలు పెడతారు, నడక మీద ఒక్క రోజు పెట్టరు. నాలుగు చక్రాల లివరు మట్టిలో, ఇసుకలో, రాళ్ళలోనే వేయాలి. గట్టి తారు రోడ్డు మీద వేస్తే ముందు, వెనుక చక్రాలు ఒకదాన్నొకటి పీక్కుని గేర్లు విరుగుతాయి. ఇసుకలో దిగితే టైర్ల గాలి ముప్పై పౌండ్ల నుంచి పద్దెనిమిదికి తగ్గించాలి. టైరు అణిగి ఒంటె పాదంలా వెడల్పవుతుంది, ఇసుక మీద తేలుతుంది. రోడ్డెక్కే ముందు మళ్ళీ గాలి కొట్టించడం మరవకూడదు. గుట్ట ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు నిటారుగా పోవాలి, అడ్డంగా తిప్పకూడదు. దిగేటప్పుడు లో గేరు వేసి ఇంజినే బండిని పట్టుకునేలా చేయాలి. క్లచ్ తొక్కకూడదు, న్యూట్రల్ చేయకూడదు. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయిన సంగతి మనలో ఎవరం మరచిపోలేం. ఈ చుట్టుపక్కల ఆ రోజు ఏడవని ఊరు లేదు. ఘాట్ దిగడం అంటే ఆటలు కాదని పిల్లలకు చెప్పడానికి నాకు వేరే ఉదాహరణ అక్కరలేదు. ఇంకొక మాట, అడవి మన ఆటస్థలం కాదు. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా బండి తోలడం నేరం. మా సాధన అంతా చుట్టాల బీడు భూమిలోనే సాగింది.

ఇక నీళ్ళ సంగతి. స్నార్కెల్ గొట్టం చేసే పని ఒక్కటే, ఇంజిన్‌లోకి నీరు పీల్చకుండా కాపాడుతుంది. బండి కొట్టుకుపోకుండా అది ఆపలేదు. బండి అడుగు ఆరు చదరపు మీటర్లు ఉన్నదనుకోండి. ఆ అడుగు భాగం మీదికి ఒక అడుగు నీరు, అంటే 30 సెంటీమీటర్లు లేచిందంటే, నీళ్ళు లోపలికి రానంతసేపు అది బండిని 1,800 కిలోల బలంతో పైకి ఎత్తుతుంది. అంటే ఇంచుమించు బండి బరువంతా. చక్రాలకు నేల మీద పట్టు పోతుంది, పడవ అవుతుంది. చుక్కాని లేని పడవ. 2022 జూలైలో జగిత్యాల జిల్లా రాయికల్ మండలంలో వరదలో చిక్కిన కూలీల వార్త కోసం వెళ్ళి తిరిగి వస్తున్న ఒక విలేకరి కారుతో సహా వాగులో కొట్టుకుపోయి చనిపోయారు. తెలియనివాడు కాదు, ఆ దారులు ఎరిగినవాడు. మూలవాగు నాకు యాభై ఏళ్ళుగా తెలుసు. నీళ్ళు ఎర్రగా ఉన్నప్పుడు కింద కల్వర్టు ఉన్నదో కొట్టుకుపోయిందో నాకూ తెలియదు. అందుకే స్నార్కెల్ కొట్టేశాం. ఆ గొట్టం ఉంటే కుర్రాడికి దిగాలనిపిస్తుంది. లేకపోతే ఒడ్డున ఆగుతాడు.

బండి తయారయ్యాక మనవడు, "తాతా, మొదటిసారి ఎవరిని ఎక్కిద్దాం?" అని అడిగాడు. నేను కోరుట్ల ఫోన్ చేశాను. మా బావమరిదికి ఇప్పుడు అరవై ఏడు దాటాయి, కృత్రిమ కాలు. చందుర్తి, రుద్రంగి, కథలాపూర్ మీదుగా బండి తీసుకుని వెళ్ళాం. ఆయన దుకాణం ముందు బండి ఆపగానే బయటికి వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. కమాన్ కట్టల దగ్గర వంగి చాలాసేపు చూశాడు. ఏం చూస్తున్నాడో నాకు తెలుసు. నోటి వెంట మాట రాలేదు.

సీటు బెల్టు పెట్టించి ముందు కూర్చోబెట్టాం. మనవడు నడుపుతున్నాడు, నేను వెనుక ఉన్నాను. ఊరి బయట బీడు భూమిలో గట్టు ఎక్కించాడు, దించాడు, ఒక మలుపు తిప్పాడు. బండి ఆగిన తర్వాత ఆయన వెనక్కి తిరిగి, "బావా, ఇది ఊగుత లేదు" అన్నాడు.

"నేను లేపలేదు" అన్నాను. "ఆనాడు లేపిన. అందుకె పడ్డది. దూడ వల్ల కాదు."

ఆయన కొంచెం సేపు ఊరుకుని, "నాకెరుకనె బావా. నేను కమాన్లు చూసిన గద ఆ రోజు" అన్నాడు. నలభై ఏళ్ళు నేను దాచాననుకున్నది ఆయనకు మొదటి రోజు నుంచీ తెలుసు. తర్వాత మనవడి భుజం మీద చెయ్యి వేసి, "మెల్లగ పోనియ్యి బిడ్డా, చాయ తాగి పోదురు" అన్నాడు.

సోదరులారా, మీ ఇళ్ళలో కూడా పిల్లలు, మనవలు పాత జీపులు, జిప్సీలు కొని ఎత్తు పెంచుతామంటే కోప్పడకండి. మోజు తప్పు కాదు. పక్కన కూర్చుని ఐదు మాటలు చెప్పండి. కాగితాలు, నంబర్లు కలవని బండి కొనవద్దని. ముందు బ్రేకులు, తర్వాతే అలంకారాలని. ఎత్తు పెంచడం గొప్ప కాదని. బెల్టు లేకుండా కదలవద్దని. పారే నీళ్ళలో దిగవద్దని. మీకు ఏదైనా పాత తప్పు తెలిసి ఉంటే, అది మీదే అయినా, దాచకుండా చెప్పండి. కోప్పడితే విననివారు తప్పు ఒప్పుకుంటే వింటారని నేను ఈ వయసులో తెలుసుకున్నాను.

మనకు ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చినట్టే ఈ పాత బండ్లకు ఐదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి. మా జోంగా సర్టిఫికెట్‌కు ఇంకా గడువు ఉన్నది. నాది ఈ నెలతో సరిపోయింది. ఇద్దరం నిటారుగానే ఉన్నాం.